ఎడమ చేతి రబ్బరు బ్యాండ్లు

మొన్న సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆమె నంబరు నుంచి జవాబు వచ్చింది.

“ఎవరన్నా నువ్వు? గీ స్కూల్ మెసేజ్‌లు నాకెందుకు పంపుతున్నవు? నాకింక పెండ్లే కాలె.”

ఆమె చనిపోయి అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో మా బడి నుంచి తల్లిదండ్రులకు ముప్పై నాలుగు నోటీసులు పంపాను. అందరికీ పంపాక, చివర్లో ఆమె నంబరుకు కూడా విడిగా పంపుతూనే ఉన్నాను. ముప్పై మూడింటి కింద ఒక్కొక్క టిక్కు పడి ఆగిపోయింది. ముప్పై నాలుగోదానికి రెండు పడ్డాయి, నీలమయ్యాయి, జవాబు వచ్చింది. నంబరు పక్కన బొమ్మ చూస్తే నల్ల మోటారుసైకిలు మీద కూర్చున్న ఒక కుర్రవాడు. వాడకంలో లేని నంబరును కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తారని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రెండు గీతల వంక చాలాసేపు చూశాను.

“పొరపాటు. మన్నించండి. ఇకమీదట రావు” అని రాశాను.

“పర్వాలె అన్నా” అన్నాడు.

దబీర్‌పురా రైల్వే స్టేషనుకు ఐదు నిమిషాల నడకలో, ఒక గల్లీ చివర, మూడంతస్తుల బడి మాది. నర్సరీ నుంచి పదో తరగతి దాకా నాలుగు వందల ముప్పై ఏడు మంది పిల్లలు. నేను ఆఫీసు గుమస్తాను. పది పాసై చదువు ఆపేశాను. అఫ్జల్‌గంజ్‌లో ఒక కాగితాల దుకాణంలో రీములు లెక్కపెడుతూ లెక్క నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక కంప్యూటరును నా అంతట నేనే అలవాటు చేసుకున్నాను. ఆమె ఆ బడిలో ఆయమ్మ. నాకంటే పదకొండేళ్ల ముందు నుంచి ఉంది. పిల్లలు ఆయమ్మా అనేవారు, ముస్లిం తల్లులు ఖాలా అనేవారు. నేను అమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను “లెక్కల సారూ” అనేది, కోపమొస్తే ఉత్త “సారూ” అనేది.

పొట్టి మనిషి. నడిస్తే చీర కుచ్చిళ్లు టపటపమనేవి. ఎడమ చేతికి రెండు ఆకుపచ్చ గాజులు, ఆ గాజుల మధ్య రబ్బరు బ్యాండ్లు. ఆ రబ్బరు బ్యాండ్ల సంగతి చెబితే ఆమె సంగతి సగం చెప్పినట్టే.

నేను చేరిన కొత్తలో నోటీసులన్నీ కాగితాలే. తరగతికొక కట్ట కట్టి, కట్టకొక రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేవాణ్ణి. ఆమె తరగతి తరగతికీ తిరిగి పంచేది. ఆ రోజు బడికి రాని పిల్లల కాగితాలు మిగిలేవి. వాటిని సాయంత్రం ఇళ్లకు తీసుకుపోయేది. ఎన్ని ఇళ్లకు పోవాలో అన్ని రబ్బరు బ్యాండ్లు ఎడమ చేతికి వేసుకునేది. ఒక ఇంట్లో కాగితం ఇచ్చి, సంతకమో వేలిముద్రో పుస్తకంలో తీసుకోగానే ఒక బ్యాండు కుడి చేతికి మారేది. మర్నాడు ఉదయం కుడి చేతివన్నీ తీసి నా సొరుగులో వేసేది. ఎడమ చేతికి ఒక్కటైనా మిగిలిందంటే ఆ రోజు పొద్దున్నే మళ్లీ ఆ ఇంటికి పోయేది.

“ఒక్కటే కదమ్మా, రేపు ఆ పిల్లగాడు బడికొస్తాడు, వాడికే ఇవ్వొచ్చు” అన్నాను ఒకసారి.

“నీకు ఒకటి సారూ. ఆ ఇంటోళ్లకు అదే మొత్తం” అంది.

ఆమెకు చదువు రాదు. కానీ బడిలో నాలుగు వందల ముప్పై ఏడు మంది పిల్లలున్నా ఇళ్లు మాత్రం రెండు వందల ఎనభై ఆరేనని నాకు మొదట చెప్పింది ఆమే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఒకే ఇంట్లో ఉండే పిన్నమ్మ పిల్లలు, అన్నీ కలిపి ఆమె నోటితో చెబుతుంటే నేను రాసుకున్నాను. మూడుసార్లు కూడాను. రెండు వందల ఎనభై ఆరే వచ్చింది. అప్పటిదాకా ఒక్కో నోటీసుకు నూట యాభై ఒక్క కాగితాలు ఎక్కువ అచ్చేయించేవాళ్లం.

నేను కాగితాల కట్ట అప్పజెప్పి నా పనైపోయిందనుకుంటే ఆమె ఊరుకునేది కాదు. మర్నాడు, అన్నీ చేరాయా అని నేనే ఆఫీసు కిటికీలోంచి అడిగేదాకా నిలబడి, నేను అడక్కపోతే తనే అడిగేది.

“పంపినవు సరే, ముట్టిందా?”

ఆమెకు ముట్టడమంటే అవతలి మనిషికి విషయం తెలియడం. చేతికి కాగితం అందడం కాదు. ఒక తల్లి కాగితం తీసుకుని పోపుల డబ్బా కింద పెట్టేస్తే, “పెట్టుడు గాదు, ఏముందో నాకు చెప్పు” అని అక్కడే గుమ్మంలో కూర్చునేది. ఆ తల్లి కొడుకును పిలిచి చదివించుకుని, తిరిగి ఈమెకు చెబితే తప్ప బ్యాండు చెయ్యి మారేది కాదు.

తర్వాత ఫోన్లొచ్చాయి. కాగితం పోయి పొట్టి సందేశాలొచ్చాయి, అవి పోయి వాట్సాప్ గ్రూపులొచ్చాయి. ప్రతి మార్పుకూ బడి యజమాని కరస్పాండెంటు సారు నన్ను పిలిచి “ఇది నేర్చుకో” అనేవారు. నేను నేర్చుకునేవాణ్ణి. నాకు అది ఇష్టంగా కూడా ఉండేది. కాగితం ఎవరు చదివారో తెలియదు. ఫోను అంకె చూపిస్తుంది. 

ఆమె ఎవరి దగ్గరో పాత టచ్ ఫోను సంపాదించింది. పేర్లు రాయడం రాదు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ పెట్టుకుంది. చెల్లెలికి వంకాయ బొమ్మ, ఆ చెల్లెలు కూరగాయలమ్ముతుంది కనుక. అయ్యగారికి శిలువ. పదో తరగతి లెక్కల టీచరుకు పులి. నాకేం బొమ్మ పెట్టిందో ఎన్నిసార్లడిగినా చూపించలేదు, కొంగు అడ్డంపెట్టుకుని నవ్వేది. టిక్కుల భాషను మాత్రం వారంలో నేర్చింది. “ఒక గీతంటే నీ చేతిల కెళ్లి పోయింది. రెండు గీతలంటే ఆళ్ల ఇంటి తలుపు కొట్టింది. నీలమంటే తలుపు తీసిండ్రు. ఇన్నరా లేదా అన్నదానికి గీత లేదా సారూ?”

“లేదమ్మా.”

“గదే పెట్టలె మరి. అసలుది మర్సిండ్రు.”

గ్రూపులు రెండేళ్లు నడిచాయి, వాటిని చూడనివాళ్ల ఇళ్లకు ఆమె బ్యాండ్లతో తిరుగుతూనే ఉండేది. సెలవని నేనొక వాక్యం పెడితే దాని కింద నలభై పూలు, ముప్పై దండాలు, ఎవరిదో శుభోదయం. ఆమె నా భుజం మీదుగా చూసి, “ఒక్క నోటీసుకు గిన్ని పూలా? పీనుగ మీద గూడ గిన్నెయ్యరు” అనేది. ఒకసారి రెండో తరగతి గ్రూపులో ఇద్దరు తండ్రులకు వార్షికోత్సవంలో మొదటి వరుస కుర్చీల గురించి లొల్లి పుట్టి, పిల్లల తాతల దాకా పోయింది. కరస్పాండెంటు సారు గ్రూపులన్నీ మూసేయమన్నారు. అదే నెలలో బడి ముఖం ఊరికి కనబడాలని ఇన్‌స్టా పేజీ పెట్టించారు. పిల్లల డ్యాన్సులు, రంగురంగుల అక్షరాలు. ఆయమ్మ ఒకటి చూసి, “మస్తుగుంది. మన పోరగాండ్లు ఎగురుతుంటె దునియంత చూస్తుంది. రేపు బడి ఉందో లేదో మాత్రం ఎవ్వనికి తెల్వది” అంది.

గ్రూపులకు బదులు నేను కనిపెట్టిన పద్ధతి బ్రాడ్‌కాస్ట్ జాబితా, ఒకదానిలో అందరూ పట్టరు గనుక రెండు ముక్కలుగా. ఒక్కసారి రాసి రెండుసార్లు నొక్కితే రెండు వందల ఎనభై ఆరు ఇళ్లకూ విడివిడిగా పోతుంది, ఎవరూ కింద పూలు పెట్టలేరు, కొట్లాడలేరు. అప్పుడే బడికి కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకున్నాం. రెండు రోజులు కూర్చుని నంబర్లన్నీ ఎక్కించాను. పంపాను. కరస్పాండెంటు సారుకు చీటీ రాసిచ్చాను: రెండు వందల ఎనభై ఆరుకు రెండు వందల ఎనభై ఆరు.

ఆయన మెచ్చుకున్నారు. “ఇక ఆయమ్మ ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. గేటు దగ్గర వేయండి” అన్నారు. డ్యూటీ పుస్తకంలో ఆమె పేరెదురుగా “గేటు” అని నా చేతితోనే రాశాను.

ఆ సాయంత్రం ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. “అందరికి పంపినవంట?”

“పంపాను.”

“ముట్టిందా?”

ఆరోజు నాకు ఆ ప్రశ్న నచ్చలేదు. “ఇది నీ రబ్బరు బ్యాండ్ల లెక్క కాదమ్మా. కంప్యూటర్ లెక్క. పూర్తిగా సరిపోయింది” అన్నాను.

“గట్లనా” అని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆమె ఎడమ చేతికి ఉత్త గాజులే ఉండేవి.

ఆ పద్ధతి మొదలైన మూడో వారంలో ఒక శుక్రవారం బందోబస్తు ఉంది. ఊరేగింపు దారిలో మా గల్లీ మొగ కూడా ఉంది కాబట్టి, పదకొండింటికే బడి వదిలేయాలని ముందురోజే అనుకున్నాం. చిన్న పిల్లలను ఇంటి పెద్దలొచ్చి తీసుకుపోవాలని గురువారం మధ్యాహ్నం సందేశం పంపాను. రెండు వందల ఎనభై ఆరు.

శుక్రవారం పదకొండింటికి గంట కొట్టారు. అర్ధ రోజు హాజరు అప్పుడే సరిచూసుకోవాలన్న తొందరలో నేను గేటు దగ్గరున్న ఆమెను పిలిచి, “పైన అన్ని తరగతుల రిజిస్టర్లు తెచ్చిపెట్టమ్మా” అన్నాను.

“గేటు ఎవలు చూస్తరు సారూ?”

“పది నిమిషాలే కదా. పెద్దవాళ్లు వస్తారు, పిల్లలు పోతారు.”

ఆమె మెట్లెక్కింది. రిజిస్టర్లు రెండు విడతలుగా తెచ్చింది. నేను కూడుతూ కూర్చున్నాను. పదకొండున్నరకు గేటు దగ్గర అలికిడి సద్దుమణగవలసింది పోయి ఏడుపులు పెరిగాయి. బయటికి వచ్చి చూస్తే, నర్సరీ నుంచి రెండో తరగతి దాకా నూట పదమూడు మంది చిన్నపిల్లల్లో నలభై ఒక్కమంది ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లకోసం ఎవరూ రాలేదు. అప్పుడు మొదటిసారి ఫోను తీసి, ఆ సందేశం మీద వేలు నొక్కి పట్టి, రెండు ముక్కల్లోనూ ఎవరెవరికి అందిందో చూసి కూడాను. నూట డెబ్బై ఒకటి.

ఆ జాబితాతో పంపిన సందేశం మన నంబరును తమ ఫోనులో పేరు పెట్టి దాచుకున్నవాళ్లకే చేరుతుంది. మాది కొత్త నంబరు. నూట పదిహేను ఇళ్లలో దాన్ని ఎవరూ దాచుకోలేదు. పంపినవి లెక్కపెట్టాను, చేరినవి లెక్కపెట్టలేదు. మూడు వారాలుగా ఆ అంకె నా వేలికింద ఉంది. ఒక్కసారి నొక్కి చూసి ఉంటే సరిపోయేది.

టీచర్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఆయమ్మ మాత్రం పిల్లల ముఖాలు చూస్తూ మధ్యలో రెండుసార్లు తిరిగింది. ఆగింది.

“ఒకటో తరగతి బిడ్డ లేదు. రెండు జడలు, నీళ్ల సీసకు ఎర్ర మూత” అంది.

“వాళ్లమ్మ వచ్చి తీసుకుపోయి ఉంటుంది.”

“ఆళ్లమ్మ కాచిగూడ దిక్కు కుట్టుపనికి పోతది. మూడున్నరకు గాని రాదు. ఆమెకు ముట్టిందా?”

చూశాను. అందినవాళ్లలో ఆ నంబరు లేదు.

గల్లీ మొగలో జనం, పోలీసు తాళ్లు, డప్పులు. నేను జనంలోకి పరుగెత్తబోయాను. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

“ఆ పిల్ల అటు పోదు. తల్లి ఏడికెళ్లి వస్తదో ఆడికే పోతది” అని స్టేషను వైపు నడిచింది. పరుగెత్తలేదు. కానీ నేను పరుగెత్తినా ఆమెను అందుకోలేకపోయాను.

పాప ప్లాట్‌ఫాం మీద ఉంది. అంచుకు రెండడుగుల దూరంలో, నీళ్లసీసా ఒళ్లో పెట్టుకుని, పట్టాల వైపు ముఖం పెట్టి కింద కూర్చుంది. ఏడవడం లేదు. రోజూ తల్లి లోకల్ రైలు దిగి వస్తుంది, అందుకని రైలు కోసం ఎదురుచూస్తోంది. నేను అరవబోతుంటే ఆయమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది. మెల్లగా పోయి పాప పక్కన, అంచుకూ పాపకూ నడుమ కూర్చుంది.

“ఏందే, మీయమ్మ బండి గిప్పుడెట్ల వస్తది? మీయమ్మ ఇంక మిషిను తొక్కుతుంటది.”

“గంట కొట్టిండ్రు గద ఆయమ్మా” అంది పాప.

“కొట్టిండ్రు. గంటకు తెలివి లేదు. పా, నా తోని బువ్వ తిందువు.”

పాప లేవలేదు. ఒక రైలు వచ్చి, ఆగి, పోయింది. తల్లి దిగలేదు. అప్పుడు పాప లేచి ఆయమ్మ వేలు పట్టుకుంది. నేను వెనకాల నడిచాను.

మధ్యాహ్నం తల్లి వచ్చింది, ఏడ్చింది, అరిచింది. కరస్పాండెంటు సారు ఎవరి తప్పో రాతపూర్వకంగా కావాలన్నారు. నన్ను అడిగారు. నేను నిజమే రాశాను. గురువారం రెండు వందల ఎనభై ఆరు మందికి సందేశం పంపడమైనది. గేటు డ్యూటీ ఆయమ్మది. పాప గేటులోంచి వెళ్లినది. మూడూ నిజాలే. నూట డెబ్బై ఒకటి అన్న అంకె రాయలేదు. రిజిస్టర్ల కోసం ఆమెను పైకి పంపింది నేనేనని రాయలేదు.

మా ఆఫీసులో మెమోలు గులాబీ రంగు కాగితం మీద ఇస్తాం. విధి నిర్వహణలో నిర్లక్ష్యం అని ఆమె పేరు మీద మెమో తయారైంది. టైపు చేసింది నేనే. ఆమెకు చదివి వినిపించవలసిందీ నేనే. విన్నది. స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది, కాగితం మీద ఒత్తింది. వేలిని కొంగుకు తుడుచుకుంటూ నా ముఖంలోకి చూసింది.

“పంపినవు సరే, సారూ” అంది.

తర్వాతి మాట కోసం ఎదురుచూశాను. అనలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి మా ఇంటి తలుపు కొట్టింది. ఎడమ చేతికి మోచేతి దాకా రబ్బరు బ్యాండ్లు. గేటు దగ్గర ఫోను చూస్తూ నేను పైకే కూడిన అంకె గుర్తుపెట్టుకుని, శనివారం నా సొరుగులోంచి తీసుకుందట.

“నూట పదిహేను ఎంచిన. సరిగ్గున్నయా సూడు. పా.”

నాలుగు ఆదివారాలు పట్టింది. ఆమె ముందు, నేను వెనక. ప్రతి ఇంట్లో ఫోను అడిగేది, నాచేత బడి నంబరు ఎక్కించేది, అక్కడే నిలబడి ఒక సందేశం పంపించేది, రెండు గీతలు పడితే బ్యాండు కుడి చేతికి. ఏ పేరుతో దాచుకోవాలని తల్లులు అడిగితే నేను బడి పేరు చెప్పేవాణ్ణి. వాళ్లు ఆమెను చూసి “స్కూల్ ఖాలా” అని రాసుకునేవారు. నూట పదిహేనులో అరవై రెండు ఇళ్లలో ఆ పేరే ఉంది.

నాకు తెలియని లెక్కలన్నీ ఆ నాలుగు ఆదివారాల్లో తెలిశాయి. పద్దెనిమిది ఇళ్లలో ఉన్న ఒక్క ఫోను పొద్దునే తండ్రితో ఆటోలో వెళ్లిపోతుంది. ఏడు ఇళ్లలో తల్లికి చదవడం రాదు, చదవగల పిల్లే బడిలో ఉంటుంది. వాళ్లకు గొంతుతో చెప్పి పంపాలి. ఆ గొంతు ఆమెదే అయింది, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. చివరి ఆదివారం బార్కస్ పోయాం. అక్కడికి మారిన ఒక కుటుంబం పిల్లను ఇంకా మా బడికే ఆటోలో పంపుతోంది. వాళ్లది సందేశం చేరిన నూట డెబ్బై ఒకటిలోని ఇల్లు. పంపిన రెండు నిమిషాలకే నీలం గీతలు పడిన నంబరు.

“ఇక్కడికెందుకమ్మా? వీళ్లు చూశారు” అన్నాను.

ఇంట్లో ముసలి నానమ్మ ఒక్కతే ఉంది. ఆమెను అడిగితే ఫోను కొడుకు దగ్గరుందంది. కొడుకు సౌదీలో ఉన్నాడంది. శుక్రవారం పిల్ల పదకొండింటికే ఎందుకొచ్చిందో ఆ రోజంతా ఆమెకు అర్థం కాలేదట.

బయటికి వచ్చాక ఆయమ్మ చెప్పులు వేసుకుంటూ, “నీలం గీత సౌదీల పడ్డది సారూ. పిల్ల బార్కస్‌ల ఉంది” అంది.

ఆమె నన్ను ఎత్తిపొడిచిన మాట ఆ నాలుగు ఆదివారాల్లో అదొక్కటే.

అప్పటి నుంచి తన నంబరు కూడా జాబితా చివర పెట్టమంది. రెండు వందల ఎనభై ఏడోది. నేను పంపిన నిమిషంలో, గేటు దగ్గర్నుంచి కిటికీకి వచ్చి ఎడమ చెయ్యి పైకెత్తి చూపేది. “నాకు ముట్టింది. కడమోళ్ల సంగతి సూడు.” నేను ప్రతి సందేశం మీదా వేలు నొక్కి పట్టి లెక్కపెట్టేవాణ్ణి. ఎన్ని తక్కువైతే అన్ని బ్యాండ్లు కిటికీలోంచి ఇచ్చేవాణ్ణి. మామూలుగా అయిదుకు మించేవి కావు. సాయంత్రం వాటితో బయలుదేరేది.

ఆ పాప సంగతి అందరూ మరిచారు. ఆమె మరవలేదు. మోకాళ్లు అరిగి, మెట్లెక్కలేక మానేయాల్సి వస్తుందని తెలిసిన రోజున కిటికీ దగ్గరికి వచ్చింది.

“లెక్కల సారూ, నాకు సభలొద్దు, శాలువలొద్దు. నేను పోయేలోపట ఆ గులాబి కాగితం ఫైల్ల కెళ్లి తీసెయ్యి. ఇరవై తొమ్మిదేండ్లల నా మీద కాగితం అదొక్కటే. తప్పు నాది గాదని నీకెర్క.”

“చేస్తానమ్మా.”

“నీకు నాకు ఎర్కైతె సాలదు. సారుకు చెప్పి తియ్యాలె. దొంగతనంగ చింపకు.”

చెప్పాలంటే నూట డెబ్బై ఒకటి అన్న అంకె చెప్పాలి. వార్షిక పరీక్షలైపోనీ అనుకున్నాను. తర్వాత ప్రవేశాల పని. తర్వాత నోటీసులకు కొత్త ఆప్ వచ్చింది, ప్రతి తల్లికీ పాస్‌వర్డు, రోజుకు ఇరవై మంది మరిచిపోవడం. ఆమె మానేసింది. శాలువ కప్పాం. శాలువ కింద నుంచి నా వైపు చూసి, కనుబొమలు ఎగరేసి అడిగింది. నేను తల ఊపాను. అయిపోతుందన్నట్టు ఊపాను. అయిపోయిందనుకుని వెళ్లిందో, అబద్ధమని తెలిసి వెళ్లిందో, నాకు తెలియదు.

మానేశాక కూడా, ఆప్ లేని ఆమెకు నేను వాట్సాప్‌లో విడిగా పంపే నోటీసు అందగానే ఫోనులో ఎత్తిన చెయ్యి బొమ్మ పంపేది. వానాకాలంలో ఒక బుధవారం ఆ బొమ్మ రాలేదు. ఒక్క టిక్కే ఉంది. చార్జింగు లేదేమో అనుకున్నాను. గురువారం కూడా ఒక్కటే. శుక్రవారం సాయంత్రం స్టేషను వెనకాల వాళ్లింటికి పోయాను. చెల్లెలు అరుగు మీద కూర్చుని ఉంది.

“మట్టి చేసి రెండు దినాలైంది సారూ” అంది. “నిమోనియ. అందరికి ఫోన్ జేద్దామని అక్క ఫోన్ తీస్తే పేర్లు లెవ్వు, అన్ని బొమ్మలే. వంకాయ నేనని ఎర్క. నువ్వు ఏ బొమ్మవో నాకెట్ల తెలుస్తది?”

ఊరందరి ఇళ్లకూ కబురు చేర్చే ఆఫీసులో కూర్చున్నవాణ్ణి. ఆమె పోయిన కబురు నాకు మూడో రోజుకు, ఒక గీత చూసి తెలిసింది.

మొన్న ఆ కుర్రవాడి జవాబు వచ్చాక పాత జాబితా తెరిచాను. రెండు వందల ఎనభై ఏడో నంబరు తీసేశాను. ఆ తర్వాత పని చేయలేక, బీరువాలోంచి ఆమె ఫైలు తీశాను. గులాబీ కాగితం అంచులు వెలిసిపోయాయి. వేలిముద్ర మాత్రం అలాగే ఉంది. తెల్ల కాగితం తీసుకుని రాశాను. పంపినవి రెండు వందల ఎనభై ఆరు, చేరినవి నూట డెబ్బై ఒకటి, చేరనివి నూట పదిహేను. ఆ సమయంలో ఆయమ్మను గేటు నుంచి పైకి పంపినది నేను. ఆమె తప్పు లేదు. సంతకం పెట్టి కరస్పాండెంటు సారు ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. “ఆమే లేదు కదయ్యా. ఇప్పుడెందుకు?” అన్నారు.

“తీసేయాలి సార్.”

“మూడేళ్లు ఏం చేశావు?”

గులాబీ కాగితం ఆయన ముందుకు జరిపాను. ఆయన దాని మీద అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి సంతకం పెట్టారు. నా కాగితం మీద ఎర్ర సిరాతో “ఫైలులో ఉంచండి” అని రాశారు. నా ఫైలులో.

రెండు కాగితాలకూ నకళ్లు తీశాను. చుట్టి, ఒక రబ్బరు బ్యాండు వేశాను. ఇంకొకటి ఎడమ చేతికి వేసుకున్నాను. పాత సంతకాల పుస్తకం చంకలో పెట్టుకుని నడిచి పోయాను.

చెల్లెలు బెండకాయలు ఏరుతోంది. నిలబడే చదివి వినిపించాను. మధ్యలో రెండుచోట్ల ఆపి మళ్లీ చదవమంది. నూట పదిహేను దగ్గర వేళ్లు లెక్కపెట్టబోయి మానేసింది.

“అంటే మా అక్క తప్పు లేదని.”

“లేదు.”

“అది మాకెప్పుడో ఎర్క సారూ. రోజు చెప్పేది. లెక్కల సారు రాస్తడు, రాస్తడు అని.” బెండకాయ ముచ్చిక విరిచి పక్కన పడేసింది. “గిప్పుడు దీంతోని ఏమైతది?”

“ఏమీ కాదు.”

“మరి ఎందుకు తెచ్చినవు?”

పుస్తకం తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. “ఏడ పెట్టాలె?” అని అడిగి, నేను చూపించినచోట వేలిముద్ర వేసింది. కాగితాలు మడిచి, గోడకున్న చర్చి క్యాలెండరు వెనక దోపింది. “ముట్టింది. ఇగ పో సారూ” అంది.

గల్లీ దాటి స్టేషను మెట్ల దాకా వచ్చాక చెయ్యి చూసుకున్నాను. ముద్ర పడింది కాబట్టి బ్యాండును కుడి చేతికి మార్చాలి. వేలు పెట్టి లాగాను కూడా. కానీ ఆ కాగితం వినవలసిన మనిషి విని, ఏముందో తిరిగి నాకు చెప్పలేదు. ఆయమ్మ లెక్క ప్రకారం అది ముట్టినట్టు కాదు.

బ్యాండు ఇప్పటికీ ఎడమ చేతికే ఉంది.